పోటీ బ్రీఫా, టీమ్ ఫిల్మా? యానిమేషన్ విద్యార్థి ఒక సెమిస్టర్‌ను దేనికి ఇవ్వాలి

దసరా దగ్గర పడుతోందంటే చాలు, యానిమేషన్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్లు వరస కడతాయి. లండన్‌లోని డి అండ్ ఏడీ అనే సంస్థ పోటీకి కొత్త బ్రీఫ్‌లు, అంటే బ్రాండ్లు తమ సమస్యను రాసి ఇచ్చే కాగితాలు, ఎప్పుడొస్తాయని ఒకరు అడుగుతారు. ఇరవై నాలుగు గంటల పోటీకి ఐదో మనిషి కావాలని ఇంకొకరు మెసేజ్ పెడతారు. ఫైనల్ ఇయర్ ఫిల్మ్‌కి నాలుగు బ్యాక్‌గ్రౌండ్లు వేసిపెట్టవా అని సీనియర్ అక్క ఫోన్ చేస్తుంది. అన్నింటికీ సరేననాలనిపిస్తుంది. సెమిస్టర్ మాత్రం ఒకటే. అందులోనూ అటెండెన్స్, అసైన్‌మెంట్లు, ఇంటర్నల్స్ పోగా మిగిలేది ఇంకా తక్కువ.

నేను హైదరాబాద్‌లో యానిమేషన్ డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. బ్రాండ్ బ్రీఫ్ పోటీలు, గంటల పోటీలు, ఆడియో క్లిప్ పోటీలు, టీమ్ ఫిల్ములు, ఈ నాలుగింటిలోనూ చేయి పెట్టాను, క్లాసులో మిగతావాళ్లు చేస్తుంటే పక్కనుండి చూశాను. నాకు గట్టిగా అనిపించేది ఒకటే. ప్రైజ్ మనీ చూసో, పోటీ పేరు చూసో ఎంచుకోవద్దు. మీ షోరీల్‌లో, అంటే ఉద్యోగానికి చూపించే మీ పనుల వీడియోలో, ఇప్పుడు ఏది లేదో చూసుకుని, దాన్ని నింపే పనిని ఎంచుకోండి. ఆ ఖాళీ ఒక్కొక్కరికీ వేరు కాబట్టి మీ ఫ్రెండ్‌కి సరిపోయింది మీకు సరిపోకపోవచ్చు.

ముందు చూసుకోవాల్సినవి

అన్నింటికన్నా ముందు, పని పూర్తవుతుందా? సగమే రెండర్ అయిన (కంప్యూటర్ తుది ఫ్రేములుగా మార్చిన) మూడు నిమిషాల ఫిల్మ్ కన్నా పూర్తయిన పదకొండు సెకన్ల షాట్ షోరీల్‌లో ఎక్కువ విలువ చేస్తుంది. రిక్రూటర్‌కు యానిమాటిక్, అంటే స్టోరీబోర్డు బొమ్మలను వరసగా పేర్చిన ముసాయిదా వీడియో, చూపించి "మిగతాది ఊహించుకోండి" అనలేం కదా.

తర్వాత, అందులో మీ చేతి పని విడిగా కనిపిస్తుందా? అయిదుగురు చేసిన ఫిల్మ్‌లో మీరు చేసింది లైటింగ్ అయితే ఆ మాట చెప్పగలగాలి, చూపించగలగాలి కూడా.

మూడోది, పని మధ్యలో ఎవరు చూసి తప్పొప్పులు చెబుతారు? చాలా పోటీల్లో జ్యూరీ చివర్లో ఒక్కసారే చూస్తుంది, ఎందుకు ఓడామో చెప్పదు. టీమ్‌లో అయితే రోజూ ఎవరో ఒకరు అడ్డుపడతారు. అప్పటికి విసుగ్గా ఉంటుంది, కానీ నేర్చుకునేది అక్కడే.

ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు. ఎంట్రీ ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. రెండర్‌కు మీ లాప్‌టాప్ రాత్రంతా నడవాలి, కరెంటు పోకుండా ఉండాలి.

ఇక హక్కులు. మాలో ఎక్కువమంది చదవకుండా టిక్ పెట్టేసే పేజీ ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. నిబంధనల్లో రెండు రకాల వాక్యాలు ఉంటాయి. "మా ప్రచారానికి వాడుకుంటాం" అన్నది మామూలే, అభ్యంతరం అక్కర్లేదు. "పంపిన ఎంట్రీలన్నింటిపై సర్వహక్కులూ మావే" అని ఉంటే మాత్రం ఆగండి. గెలవకపోయినా మీ క్యారెక్టర్ మీది కాకుండా పోయే ప్రమాదం ఉంది. మన 1957 కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకని, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకేనని లెక్క. హక్కులు ఇచ్చేసినా ఇది నా పని అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకే ఉంటుంది. విదేశీ పోటీలకు వాళ్ల చట్టం వర్తించవచ్చు కాబట్టి అక్కడి షరతులు ఇంకా నిదానంగా చదవండి.

టీమ్ ఫిల్మ్‌లోనూ ఈ గొడవ ఉంది. మన చట్టం దృష్టిలో సినిమాకు రచయిత (ఆథర్, కథ రాసిన మనిషి కాదు) అంటే నిర్మాత, అంటే ఆ పనికి చొరవ, బాధ్యత తీసుకున్న మనిషి. విద్యార్థి ఫిల్మ్‌కు ఆ నిర్మాత ఎవరు? కాలేజీయా, డైరెక్ట్ చేసిన అమ్మాయా, అందరూనా? అడ్మిషన్ కాగితాల్లో దీనిపై ఏముందో మొదటి వారంలోనే చూసుకోండి.

బ్రాండ్ బ్రీఫ్ పోటీలు

డి అండ్ ఏడీ 1962లో లండన్‌లో మొదలైన సంస్థ. విద్యార్థుల కోసం న్యూ బ్లడ్ అవార్డులు నడుపుతుంది. నిజమైన బ్రాండ్లు తమ సమస్యను బ్రీఫ్‌గా ఇస్తాయి, గెలిచినవాళ్లకు పెన్సిల్ ఇస్తారు. వుడ్, గ్రాఫైట్, ఎల్లో, వైట్, బ్లాక్ అని అందులో మెట్లున్నాయి. పోర్ట్‌ఫోలియోలో ఆ పెన్సిల్ బొమ్మ ఉంటే యాడ్ ఏజెన్సీలు చూసే తీరే మారుతుంది.

కానీ ఇక్కడ గెలిచేది మీ యానిమేషన్ కాదు, ఐడియా. వాక్ సైకిల్ (క్యారెక్టర్ నడక) ఎంత బాగా చేసినా బ్రీఫ్ అడిగిన ప్రశ్నకు జవాబు లేకపోతే జ్యూరీ దాన్ని పక్కన పెట్టేస్తుంది. అందుకే బ్రీఫ్ చదవడమే సగం పని. నేను చదివే పద్ధతి చెబుతాను. రక్తదానానికి యువతను రప్పించాలన్న బ్రీఫ్ ఒకటి ఉందనుకోండి. ప్రింట్ తీసి మూడు రంగుల పెన్నులతో గీతలు పెడతాను. ఎవరితో మాట్లాడాలి అన్నది ఒక రంగు, చూశాక ఆ మనిషి ఏం చేయాలి అన్నది ఇంకో రంగు, ఎక్కడ కనిపిస్తుంది అన్నది మూడో రంగు. ఈ మూడూ పోగా మిగిలినదంతా బ్రాండ్ తన గురించి చెప్పుకున్నదే. ఎక్కువమంది ఆ మిగిలిన భాగం చదివి, అందులోని రంగులూ విశేషణాలూ తీసుకుని బొమ్మలు మొదలెడతారు. "పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్లవాళ్లు, ఫోన్‌లో, సౌండ్ లేకుండా చూస్తారు" అన్న లైను మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ ఒక్క లైనుతోనే ఫ్రేమ్ నిలువుగా మారుతుంది, డైలాగ్ పోతుంది, మొదటి రెండు సెకన్లలోనే విషయం తెలిసిపోవాల్సి వస్తుంది. మీరు అప్పటికే అడ్డంగా స్టోరీబోర్డు గీసేసి ఉంటే అదంతా వృథా.

ఇంకో ఇబ్బంది, బ్రీఫ్‌లోని ప్రేక్షకుడు చాలాసార్లు బ్రిటన్ మనిషి. మనకు తెలియని వీధులు, తెలియని హాస్యం. అయితే బ్రీఫ్ అంతర్జాతీయంగా ఉన్నప్పుడు మన దగ్గర ఉన్నది బలమే. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో జనం ఎలా నిలబడతారో, బస్సు కనపడగానే ఏ భుజం ముందు కదులుతుందో మీరు చూసి గీస్తే ఆ పోజులు ఇంకెవరి దగ్గరా ఉండవు. లండన్‌ను గూగుల్‌లో చూసి గీసిన బొమ్మలో ఆ ప్రాణం రాదు.

క్యారెక్టర్ యానిమేటర్‌గా స్టూడియోలో చేరాలనుకునేవాళ్లకు ఈ దారి నేను గట్టిగా చెప్పను. మోషన్ గ్రాఫిక్స్, యాడ్స్, ఆర్ట్ డైరెక్షన్ వైపు వెళ్లాలనుకుంటే మాత్రం ఇంతకన్నా మంచి సాధన లేదు.

మన దేశంలోనూ పెద్ద పోటీలు వచ్చాయి. 2025 మే 1 నుంచి 4 వరకు ముంబైలో జరిగిన వేవ్స్ అనే మీడియా, వినోద రంగ సమ్మిట్ కోసం కేంద్ర సమాచార, ప్రసార శాఖ క్రియేట్ ఇన్ ఇండియా చాలెంజ్ పేరుతో చాలా పోటీలు పెట్టింది. అందులో యానిమేషన్ ఫిల్మ్‌మేకర్లకు ఒకటి, జపాన్ తరహా యానిమే, మాంగా కామిక్స్ గీసేవాళ్లకు ఒకటి ఉన్నాయి. ఇవి బ్రాండ్ బ్రీఫ్‌ల లాంటివి కావు, సొంత కథ ఉన్నవాళ్లకు నప్పుతాయి. స్క్రిప్టు ఇప్పటికే రాసిపెట్టుకున్నవాళ్లు ఇలాంటి వాటిని వదలొద్దు.

గంటల పోటీలు

కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ లాంగ్ బీచ్‌లో మొదలైన 24 గంటల విద్యార్థి యానిమేషన్ పోటీ వీటిలో బాగా తెలిసింది. అయిదుగురి టీమ్, ముప్పై సెకన్ల ఫిల్మ్, థీమ్ అప్పటికప్పుడు ఇస్తారు. లెక్క వేసుకుంటే భయం వేస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 720 ఫ్రేములు, ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా 360 డ్రాయింగ్‌లు. అయిదుగురికి కలిపి ఉన్నవి 120 గంటలు. అందులో కథకు, ఎడిటింగ్‌కు, సౌండ్‌కు, తిండికి, కునుకుకు పోగా గీయడానికి మిగిలేది సగమైతే గొప్పే.

అందుకే ఈ పోటీలో నేర్చుకునేది గీయడం కన్నా వదిలేయడం. రెండో లొకేషన్ వదిలేస్తారు. రెండో క్యారెక్టర్ నోరు తెరవకుండా చూసుకుంటారు. క్యారెక్టర్‌ను టర్న్ చేయాల్సిన షాట్‌కు కట్ పెట్టేస్తారు. తెల్లవారుజామున నాలుగింటికి ఎవరు శాంతంగా ఉంటారో, ఎవరు ఫైల్ సేవ్ చేయకుండా నిద్రపోతారో అక్కడే తెలిసిపోతుంది. ఫైనల్ ఇయర్ ఫిల్మ్‌కు టీమ్ కట్టాలనుకునేవాళ్లు ముందు ఆ నలుగురితో ఇలాంటి పోటీ ఒకటి చేసి చూడాలని నా గట్టి సలహా. పోయేది ఒక్క వారాంతమే.

షోరీల్‌కు మాత్రం ఇది పెద్దగా పనికిరాదు. చూసేవాళ్లకు ఒక్క రాత్రి పని అని తెలియదు, తెలిసినా పట్టించుకోరు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అమ్మాయిలకు ఇళ్లలో రాత్రంతా కాలేజీ ల్యాబులో ఉండనివ్వడం ఇప్పటికీ అంత తేలిక కాదు. డే స్కాలర్లకు ఇంకా కష్టం. అలాంటి టీమ్‌మేట్ ఉంటే ఇంటి నుంచి చేయగలిగే పని, అంటే బ్యాక్‌గ్రౌండ్లు గీయడమో, కలరో, కంపోజిటింగో (విడివిడి పొరలను ఒక ఫ్రేమ్‌లో కలపడం) ముందే ఆమెకు అప్పగించి, నెట్ స్పీడు చూసుకుని మొదలెట్టండి. ఒక మనిషి తక్కువైందని చివరి నిమిషంలో తెలియని వాళ్లను పట్టుకొచ్చే అవసరం రాదు.

ఒంటరిగా చేసే ఆడియో క్లిప్ పోటీలు

11 సెకండ్ క్లబ్ ఏళ్ల తరబడి నడిపిన పద్ధతి ఇది. నెల మొదట్లో పదకొండు సెకన్ల డైలాగ్ ముక్క ఇచ్చేవారు, నెలాఖరుకు దానికి క్యారెక్టర్ యాక్టింగ్ చేసి పంపాలి, పాల్గొన్నవాళ్లే ఓట్లు వేసేవారు. 264 ఫ్రేములు, ఒక్క కెమెరా, ఒక్క క్యారెక్టర్. ఉచితంగా దొరికే రిగ్ (కదిలించడానికి సిద్ధం చేసిన త్రీడీ బొమ్మ) ఒకటి, బ్లెండర్ అనే ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటే పైసా ఖర్చు లేకుండా అవుతుంది.

పోటీ లేకపోయినా ఈ పని మీరే పెట్టుకోవచ్చు. తెలుగు గొంతుతో చేసి చూడండి. ఇంగ్లిష్ క్లిప్‌ల మీద నేర్చుకున్న లిప్ సింక్ (మాటకు తగ్గట్టు పెదాలు కదపడం) తెలుగుకు అలాగే దింపితే తేడాగా ఉంటుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మాట చివర నోరు మూసుకుపోకుండా తెరిచే ఉంటుంది. "అమ్మ", "చెప్పు" లాంటి చోట పెదాలు కలిసి ఉండే సమయం ఒంటి అక్షరం కన్నా ఎక్కువ, దానికి ఒకటి రెండు ఫ్రేములు అదనంగా ఇవ్వకపోతే మాట తేలిపోయినట్టు ఉంటుంది. ఇంటి దగ్గర ఎవరి చేతనైనా మాట్లాడించి ఫోన్‌లో వీడియో తీసి, ఫ్రేమ్ ఫ్రేమ్ ఆపి చూస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. సినిమా డైలాగ్ వాడితే మాత్రం అది సాధనకే. పబ్లిక్‌గా పెట్టేటప్పుడు హక్కుల సమస్య వస్తుంది.

క్యారెక్టర్ యానిమేటర్ ఉద్యోగం కావాలంటే నాలుగింటిలోనూ నేరుగా అక్కరకొచ్చేది ఇదే. లోటు ఏమిటంటే మీరు ఇంకొకరితో కలిసి పనిచేయగలరని ఇది చెప్పదు.

సెమిస్టర్ పొడవునా టీమ్ ఫిల్మ్

ఫ్రాన్స్‌లోని గోబెలిన్ స్కూలు విద్యార్థులు చిన్న చిన్న టీములుగా ఆన్సీ ఫెస్టివల్ కోసం ఓపెనింగ్ ఫిల్ములు చేస్తారు. 1960 నుంచి నడుస్తున్న ఆ పండుగలో పెద్ద సినిమాల ముందు విద్యార్థుల పని తెర మీద ఆడుతుంది. ఒక్కొక్కటి నిమిషం, నిమిషంన్నర ఉంటాయేమో, అంతే. అంత బాగా గీసేవాళ్లే నిడివి అంత కుదించుకుంటున్నారంటే మనం పది నిమిషాల పురాణకథ ఎందుకు మొదలెడతామో నాకు అర్థం కాదు. మూడు నిమిషాలంటేనే 4,320 ఫ్రేములు. నలుగురున్న టీమ్‌కు ఒక సెమిస్టర్‌లో తొంభై సెకన్లు చాలు.

ఈ పనిలో అసలు పాఠం అప్పగింత. మీ ఫైల్ ఇంకొకరు తెరిచినప్పుడు ఏమవుతుంది? బ్లెండర్‌లో టెక్స్చర్, అంటే వస్తువు పైన అతికించిన రంగుల బొమ్మ, దొరకకపోతే ఆ వస్తువు గులాబీ రంగులోకి మారుతుంది. మోడల్ చేసిన అబ్బాయి డెస్క్‌టాప్ మీద ఉన్న ఫోల్డర్‌లోంచి టెక్స్చర్ లింక్ చేసి, ఫైల్ ఒక్కటే డ్రైవ్‌లో పెట్టాడనుకోండి. లైటింగ్ చేసే అమ్మాయి ఇంట్లో తెరిస్తే చీర కట్టుకున్న అవ్వ నఖశిఖపర్యంతం గులాబీ రంగులో నిలబడి ఉంటుంది. అప్పుడు రాత్రి పదకొండింటికి ఫోన్లు. దీనికి మందు తేలికే. ప్రాజెక్టు ఫోల్డర్ అందరి దగ్గరా ఒకే తీరులో ఉండాలి, పాత్‌లు (టెక్స్చర్ ఎక్కడుందో చెప్పే చిరునామాలు) రిలేటివ్‌గా, అంటే ఫైల్ ఉన్న చోటు నుంచే లెక్కించేలా, ఉండాలి, లేదా టెక్స్చర్లు ఫైల్‌లోనే ప్యాక్ చేయాలి. ఫైల్ పేరులో సీన్ నంబరు, షాట్ నంబరు, ఏ పని, ఏ వెర్షన్ అన్నవి ఆ వరసలోనే ఉండాలి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది" అన్న పేర్లు కనపడగానే మార్పించండి. సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది మొదటి రోజే తేల్చుకోండి. ఒకరు 24లో యానిమేట్ చేసి ఇంకొకరు 25లో ఎడిట్ చేస్తే చివర్లో పెదాలూ మాటా వేరవుతాయి.

పని ఎక్కడి దాకా వచ్చిందో చూసుకోవడానికి కిత్సు లాంటి ఉచిత టూల్ ఉంది. మా అనుభవంలో మామూలు గూగుల్ షీట్ కూడా చాలు, రోజూ నింపే మనిషి ఒకరుంటే. ఆ మనిషిని ప్రొడక్షన్ మేనేజర్ అని క్రెడిట్స్‌లో గౌరవంగా వేయండి. డైరెక్టర్ ఒక్కరే ఉండాలి, అందరూ స్నేహితులే అయినా సరే. మాట తేలనప్పుడు ఎవరి మాట చెల్లుతుందో ముందే అనుకోకపోతే స్నేహం, ఫిల్మ్ రెండూ పోతాయి.

సౌండ్ మాత్రం బయటివాళ్లతో చేయించండి. హైదరాబాద్‌లో ఫిల్మ్ కాలేజీల్లో సౌండ్ చదివేవాళ్లు ఇలాంటి పని కోసం చూస్తుంటారు. వాళ్లకూ పోర్ట్‌ఫోలియో కావాలి. యానిమాటిక్ దశలోనే పిలవాలి, రెండర్ అయ్యాక కాదు.

పూర్తయిన ఫిల్మ్‌కు దారులు చాలా ఉన్నాయి. 1892 అక్టోబర్ 28న ఎమిల్ రేనో పారిస్‌లో చేసిన యానిమేషన్ బొమ్మల ప్రదర్శనకు గుర్తుగా అంతర్జాతీయ యానిమేషన్ దినం జరుగుతుంది. దాని చుట్టూ ఆసిఫా ఇండియా (అంతర్జాతీయ యానిమేషన్ సంఘం భారత శాఖ) పెట్టే సభలు హైదరాబాద్‌లోనూ జరిగాయి. ఇండియాజాయ్ లాంటి యానిమేషన్, గేమింగ్ వేడుకల్లో స్టూడియోవాళ్లు ఎదురుగానే దొరుకుతారు. ఒక్క ఫిల్మ్ ఇన్ని చోట్లకు పనికొస్తుంది. బ్రాండ్ బ్రీఫ్‌కు చేసింది ఆ బ్రీఫ్‌తోనే సరి.

ఒక్క చూపులో

| | బ్రాండ్ బ్రీఫ్ | గంటల పోటీ | ఆడియో క్లిప్ | టీమ్ ఫిల్మ్ |
|---|---|---|---|---|
| సమయం | కొన్ని వారాలు | ఒక వారాంతం | ఒక నెల | సెమిస్టర్ మొత్తం |
| పూర్తయ్యే అవకాశం | బాగానే | దాదాపు ఖాయం | మీ క్రమశిక్షణను బట్టి | నిడివి తగ్గిస్తేనే |
| మీ పని విడిగా కనిపించడం | ఐడియా మీది | కష్టం | పూర్తిగా | బ్రేక్‌డౌన్ (ఎవరు ఏం చేశారో చూపే వివరం) జతచేస్తే |
| మధ్యలో సలహాలు | మీరే అడగాలి | టైమ్ ఉండదు | తోటి యానిమేటర్లు | రోజూ |
| ఖర్చు | ఫీజు ఉండొచ్చు | తిండి, నెట్ | దాదాపు లేదు | రెండర్, సౌండ్ |
| హక్కుల జాగ్రత్త | చాలా అవసరం | కొంచెం | ఆడియో విషయంలో | రాతలో పెట్టుకోవాలి |

ఎవరికి ఏది

రెండో ఏడాదిలో ఉండి ఇంకా ఏ డిపార్ట్‌మెంటో తేల్చుకోనివాళ్లు గంటల పోటీ ఒకటి చేయండి, సీనియర్ల టీమ్ ఫిల్మ్‌లో చిన్న పని ఒకటి తీసుకోండి. క్లీనప్ (చిత్తు గీతలను శుభ్రంగా గీయడం) అయినా, బ్యాక్‌గ్రౌండ్ అయినా పర్వాలేదు. పైప్‌లైన్, అంటే కథ నుంచి పూర్తయిన ఫిల్మ్ దాకా పని చేతులు మారే వరస, మొత్తం దగ్గరుండి చూడొచ్చు. సొంత ఫిల్మ్ ఇప్పుడే వద్దు.

చివరి ఏడాదిలో ఉండి వచ్చే వేసవికల్లా ఉద్యోగం కావాల్సినవాళ్లకు నా మాట వేరు. మొదటి సెమిస్టర్‌లో రెండు మూడు ఆడియో క్లిప్‌లు మెరుగుపెట్టుకోండి, రెండో సెమిస్టర్‌లో తొంభై సెకన్ల టీమ్ ఫిల్మ్‌లో ఒకే బాధ్యత తీసుకోండి. రెంటినీ ఒకే సెమిస్టర్‌లో పెట్టుకోవద్దు. టీమ్ ఫిల్మ్ ఎప్పుడూ మిగతా పనిని మింగేస్తుంది, ఎందుకంటే అక్కడ మీ కోసం ఎదురుచూసే మనుషులుంటారు, క్లిప్ కోసం ఎవరూ ఎదురుచూడరు.

డైరెక్టర్ కావాలనుకునేవాళ్లు టీమ్ ఫిల్మ్‌కే కట్టుబడండి, కానీ అంతకుముందు బ్రాండ్ బ్రీఫ్ ఒక్కటైనా చేయండి. ఇంకొకరు పెట్టిన హద్దుల్లో కథ చెప్పడం తెలిస్తే మీ టీమ్‌కు మీరు హద్దులు పెట్టడం వస్తుంది. గోడకు కొట్టిన ఒక పేజీ బ్రీఫ్ మా టీమ్ ఫిల్మ్‌లోనూ ఉండేది. ఎవరు చూస్తారు, చూశాక ఏమనిపించాలి, ఏ రెండు రంగులు వాడకూడదు అని అందులో రాసుకున్నాం. వాదన వచ్చిన ప్రతిసారీ ఆ కాగితం దగ్గరికే వెళ్లేవాళ్లం.

పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లు, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం కోర్సు చదివేవాళ్లు, విజయవాడ, వరంగల్ లాంటి చోట్ల తోడు దొరకనివాళ్లు టూడీ వైపు చూడండి. క్రిటా, ఓపెన్‌టూన్జ్ అనే టూడీ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే, రెండర్ బాధ ఉండదు. ఆడియో క్లిప్‌తో మొదలుపెట్టి, అది బాగా వచ్చాక దాన్నే చూపించి ఆన్‌లైన్‌లో టీమ్ వెతుక్కోండి. ఒట్టి చేతులతో అడిగితే ఎవరూ రారు, పదకొండు సెకన్ల షాట్ చూపిస్తే వస్తారు.

ఏ టీమ్‌లో చేరినా మొదటి మీటింగ్‌లోనే ఒక కాగితం రాయించండి. ఎవరు ఏ పని చేస్తారు, క్రెడిట్స్‌లో పేర్లు ఏ వరసలో వస్తాయి, ఫిల్మ్‌ను ఎవరు ఎక్కడికి పంపొచ్చు, ప్రైజ్ వస్తే డబ్బు ఎలా పంచుకుంటారు, మధ్యలో ఎవరైనా మానేస్తే అప్పటిదాకా చేసిన పని ఎవరిది, ఎవరి షాట్లు వాళ్లు షోరీల్‌లో ఎప్పటి నుంచి పెట్టుకోవచ్చు. అందరూ సంతకాలు పెట్టి, ఫొటో తీసి, గ్రూపులో పిన్ చేయండి.